మొదటి వాయిదా

కపెంబ్వా తన ముప్ఫై ఏళ్ళ ఉద్యోగంలో జాంబియా ప్రభుత్వం తరఫున కొన్ని వేల ఉత్తరాలు రాశాడు. వాటిలో రెండోసారి చదవదగినది ఒక్కటీ లేదని ఆయనే ఒప్పుకునేవాడు. అటువంటి మనిషి రాసిన అయిదు వాక్యాల ఉత్తరాన్ని లండన్‌లో పదకొండుమంది వకీళ్ళు రెండేళ్ళుగా చదువుతున్నారనీ, అందులో ఒక్కొక్క వాక్యం ఖరీదు సుమారు ఆరు మిలియన్ డాలర్లనీ ఆయనకు డెబ్బై ఒకటో ఏట, లుసాకాలో తన ఇంటి పెరట్లో వర్షమాపకం కడుగుతుండగా తెలిసింది.

ఆ కబురు మోసుకొచ్చినావిడ పేరు అసితాన్ గిందో. మాలీ దేశస్థురాలు. అప్పుల వ్యాజ్యాలలో చిక్కుకున్న ఆఫ్రికా ప్రభుత్వాలకు వకీళ్ళను సమకూర్చే సంస్థ ఒకటి ఆబిజాన్‌లో ఉంది. దాని తరఫున జాంబియా పక్షాన వాదించడానికి వచ్చింది. నలభై దాటిన మనిషి, నడకలో తొందర, మాటలో నిదానం. నీడకోసం మామిడిచెట్టు కిందికి వెళ్ళి, సంచిలోంచి ఒక కాగితం తీసి ఆయన ముందు పట్టింది.

"ఈ సంతకం మీదేనా పెద్దాయనా?"

కపెంబ్వా కళ్ళజోడు సవరించుకున్నాడు. "నాదే. అప్పట్లో చెయ్యి ఇంత వణికేది కాదు."

"ముద్ర?"

"ఆఫీసుదే."

"అయితే ఒకసారి చదవండి, పైకి."

కపెంబ్వా చదివాడు. "మహాప్రభో, తమ జాబు అందినది. ఈ అప్పు యావత్తూ మాదేననీ, చివరి గవ్వ వరకూ తీర్చవలసిన బాధ్యత మాదేననీ ఇందుమూలంగా ఒప్పుకుంటున్నాము. మాకున్నదంతా తమదే కనుక ఇందులో ఆలోచించవలసినది లేదు. మొదటి వాయిదా ఇందుతో జతచేయడమైనది. మిగిలినది కోతలయ్యాక పొలాల్లో దొరికినదాన్నిబట్టి పంపుకోగలము. ఇట్లు, తమ బానిస, కపెంబ్వా."

చదవడం పూర్తయ్యేసరికి ఆయన భుజాలు కదులుతున్నాయి. నవ్వుకు ఊపిరాడక వర్షమాపకం కింద పెట్టేశాడు. తీరా చూస్తే ఎదుటి మనిషి నవ్వడం లేదు. ఆయన నవ్వు మధ్యలోనే ఆగిపోయింది.

"ఇది జేరెకి రాసిందమ్మా," అన్నాడు.

"అప్పిచ్చిన బ్యాంకుకి ఇక్కడ ప్రతినిధిగా ఉండేవాడు, ఆ లెవిసన్ జేరెకేనా?"

"వాడే. వాడు ఎంగోని."

"అయితే?"

"నేను బెంబా."

జవాబు పూర్తిగా చెప్పేశానన్న ధీమాతో కపెంబ్వా మళ్ళీ వర్షమాపకం అందుకున్నాడు. లుసాకాలో అడిగినవాళ్ళెవరైనా అక్కడితో ఊరుకునేవారే. నూటయాభై ఏళ్ళ కిందట బెంబాలూ ఎంగోనీలూ యుద్ధం చేసుకున్నారు. ఎవరు గెలిచారో నేటికీ తేలలేదు. అందుచేత ఇద్దరూ గెలిచినట్టే చెప్పుకుంటారు. నాటినుంచి ప్రతి బెంబావాడికీ ప్రతి ఎంగోనీవాడూ బానిస, ప్రతి ఎంగోనీవాడికీ ప్రతి బెంబావాడూ బానిస. ఈ వరసకు అక్కడ చింబుయా అని పేరు. మనవైపు బావామరుదుల వేళాకోళం లాంటిదే గాని, ఇది ఒక జాతి మొత్తానికీ మరో జాతి మొత్తానికీ మధ్య నడుస్తుంది. పెళ్ళిలో తిట్టవచ్చు, చావింట్లో తిట్టవచ్చు, తవ్విన గోతిలో పడుకుని రుసుము ముట్టజెబితేగాని లేవనని భీష్మించవచ్చు. చేయకూడనిది ఒక్కటే, కోపం తెచ్చుకోవడం. బెంబాలు కోతుల్ని తింటారని ఎంగోనీలంటారు. ఎంగోనీలు ఎలుకల్ని తింటారని బెంబాలంటారు. మొదటిదానికి కపెంబ్వాకు ఎక్కడా ఆధారం దొరకలేదు. రెండోదానికి చిపాటా సంతలో పుల్లలకు గుచ్చి అమ్మే ఎండు ఎలుకలే ఆధారం.

గిందో వకీలు కాసేపు నిలబడి ఆలోచించింది. తరవాత బోర్లించిన బకెట్టు మీద కూలబడింది.

"ఓరి దేవుడా!" అంది. "బోజోలు!"

"వాళ్ళెవరు?"

"మా దగ్గర నదిలో చేపలు పట్టుకునేవాళ్ళు. నేను డోగోన్‌ని. మాకూ వాళ్ళకీ ఇదే వరస. మొన్న ఆబిజాన్ విమానాశ్రయంలో నా పెట్టె వెతికిన అధికారి బోజో. 'కొండరాళ్ళ మీద ఉల్లిపాయలు నాకే మొహానికి విమానమెందుకు' అన్నాడు. 'నీ నోటి చేపకంపుకి విమానం తనంతట తానే లేచిపోతుందిలే' అన్నాను. వెనకనున్న స్విట్జర్లాండ్ పెద్దమనిషి పోలీసుల్ని పిలవబోయాడు." ఆవిడ అప్పుడు నవ్వింది, వెంటనే మానేసింది. "కాని పెద్దాయనా, లండన్ వాళ్ళకి బోజోలు లేరు. ఈ 'తమ బానిస' అన్నదాన్ని వాళ్ళు తెల్లదొరల కాలంనాటి మర్యాద అనుకున్నారు. 'పొలాల్లో దొరికినది' అంటే వ్యవసాయం మీది పన్నులట. దానిమీదే తొమ్మిది పేజీలు రాశారు."

తరవాత ఆవిడ కథంతా చెప్పింది. చాలాకాలం కిందట ప్రభుత్వం అప్పుమీద పిండిమరలు తెప్పించింది. ఒప్పందం తొంభై పేజీలు. పిండి అన్న మాట అందులో నాలుగుసార్లు వస్తుంది, వడ్డీ అన్న మాట రెండువందల పదిసార్లు. మరలు ఇక్కడి కరెంటుకు సరిపడక తిరగలేదు. వడ్డీ మాత్రం తిరిగింది. నాలుగు మిలియన్ డాలర్ల బాకీ చచ్చిపోయిందని బ్యాంకువాళ్ళు మూలన పడేసిన కాగితాలను గ్రే హెరన్ క్యాపిటల్ అనే కంపెనీ చిల్లరకు కొని, ఇప్పుడు ముప్ఫై ఒక్క మిలియన్లు అడుగుతోంది. ఆరేళ్ళపాటు ఎవరూ ఊసెత్తని అప్పు లండన్ చట్టంలో మురిగిపోతుంది. కాని ఆ ఆరేళ్ళలో బాకీదారు 'అవును, బాకీ ఉన్నాను' అని రాసి సంతకం పెడితే గడువు మళ్ళీ మొదటినుంచి మొదలు. కొంతైనా చెల్లించినా అంతే.

"మీరు ఒకే ఉత్తరంలో రెండూ చేశారు," అంది గిందో వకీలు. "ఒప్పుకున్నారు, మొదటి వాయిదా జతచేశామన్నారు. జతచేసింది చెక్కని వాళ్ళ వాదన."

"చెక్కు కాదు."

"మరి?"

కపెంబ్వా చెప్పాడు. ఆవిడ మొహం చేతుల్లో దాచుకుంది. ఏడుస్తోందో నవ్వుతోందో కొంతసేపు ఆయనకు తెలియలేదు.

"నేను నమ్ముతాను," అంది చివరికి. "నేను నమ్మితే ఏం లాభం? తీర్పరి విదర్‌బీ నమ్మాలి. ఆవిడ ఒక్కమాటే అంటుంది: 'ముప్ఫై ఒక్క మిలియన్లు అడిగాక అది హాస్యమని చెప్పడం ఎవరికైనా సులభమే'."

కపెంబ్వాకు ఈ వాదనలో తప్పు పట్టడానికి ఏమీ దొరకలేదు. ఉద్యోగంలో చేరకముందు ఆయన కసామాలో భౌతికశాస్త్రం చెప్పాడు. ఫలితం చూశాక సిద్ధాంతం తయారుచేసే విద్యార్థులకు సున్న వేసినవాడు. ఈనాటికీ పొద్దున్నే నోటుబుక్కులో 'ఈరోజు వాన పడుతుంది', 'పడదు' అని ముందే రాసిపెట్టుకుని, సాయంత్రం మాపకం చూసి, తప్పయితే తప్పని ఎర్రసిరాతో దిద్దుకుంటాడు. పదకొండేళ్ళలో ఆయన జోస్యం నూటికి అరవైమూడుసార్లు నిజమైంది. జాంబియాలో ఎండాకాలం మొత్తం వాన పడదు గనుక ఆ అరవైమూడు పెద్ద ఘనకార్యం కాదని కూడా అదే పుస్తకంలో రాసుకున్నాడు.

"జేరెని అడగండి," అన్నాడు.

"జేరె వాళ్ళ సాక్షి. మీకు తెలియదా? బ్యాంకు మానేశాక ఆ కంపెనీకి సలహాదారుగా చేరాడు. ఉత్తరం నిజమైనదని సాక్ష్యం చెప్పినందుకు రుసుము ఇస్తున్నారు. చిపాటా దగ్గర పొలంలో బోరు వేయించుకుంటాడట."

తనకు నాలుగు నెలలుగా ఫోను ఎందుకు రావడం లేదో కపెంబ్వాకు అప్పుడు అర్థమైంది. నలభై ఏళ్ళ స్నేహంలో జేరె నోట తిట్టు తినకుండా గడిచిన నాలుగు నెలలు అవే.

ఆ రాత్రి భార్య ఎస్నార్ట్ పళ్ళెంలో న్షిమా అనే మొక్కజొన్నపిండి ముద్ద, ఎండుచేపల కూర వడ్డించి ఎదురుగా కూర్చుంది.

"చోలా నాన్నా, పత్రికవాళ్ళు ఫోను చేశారు. 'ముప్ఫై మిలియన్ల జోకు వేసిన పింఛనుదారు మీ ఆయనేనా' అని అడిగారు."

"నువ్వేమన్నావు?"

"మా ఆయన జోకులకి అంత ధర ఎప్పుడూ పలకలేదన్నాను."

ఆయన నవ్వలేదు. ముద్ద చేతిలోనే ఉండిపోయింది. ముప్ఫై ఒక్క మిలియన్లతో ఎన్ని ఆసుపత్రులకు ఎన్నాళ్ళు మందులు వస్తాయో సాయంత్రం లెక్కవేసి ఆ కాగితం చింపేశాడు. ముప్ఫై ఏళ్ళు ఒక్క అంకె తప్పు రాయని మనిషి పేరు చివరికి ఈ ఒక్క ఉత్తరం కింద మిగిలిపోతుంది. అంతకంటె చిన్నదీ, అంతకంటె నొప్పెట్టేదీ మరొకటుంది: అది హాస్యమని ఈ భూమి మీద ఆనాడే తెలిసినవాడు జేరె ఒక్కడే.

"అసలు ఆఫీసు కాగితం మీద ఎందుకు రాశారు?" అంది ఎస్నార్ట్.

"ముద్ర లేకపోతే హాస్యానికి బరువుండదు."

"ఇప్పుడు మోయండి."

మర్నాడు ఆయన గిందో వకీలుకు ఫోను చేశాడు. "అమ్మా, జరిగాక చెప్పింది నమ్మరు. జరగకముందు చెబితే?"

*

విచారణ లుసాకాలోనే, ఒక హోటలు పై అంతస్తులోని హాలులో పెట్టారు. సాక్షులిద్దరూ డెబ్బై దగ్గరివాళ్ళని లండన్‌నుంచి న్యాయమూర్తి విదర్‌బీయే వచ్చింది. సన్నటి మనిషి, తెల్లజుట్టు, మెడలో గొలుసుకు వేలాడే కళ్ళజోడు. ఉదయం పదింటికే కరెంటు పోయింది. జనరేటరు దీపాలకే చాలింది, పంకాలకు చాలలేదు.

జేరె నల్లసూటులో వచ్చాడు. కపెంబ్వా అతణ్ణి ఎప్పుడూ సూటులో చూడలేదు. భారీ మనిషి, ఆ కోటులో ఇంకా భారీగా ఉన్నాడు. పక్కనే కంపెనీ వకీలు క్రాస్లీ, చెయ్యి వదిలితే ఎటైనా పోతాడన్నట్టు అతని మోచేతిని పట్టుకుని నడిపించుకొచ్చాడు.

కపెంబ్వాకు ఎదురుపడ్డప్పుడు జేరె ఆగి, తలవంచి, "నమస్కారం కపెంబ్వా గారూ," అన్నాడు.

నలభై ఏళ్ళలో ఆ 'గారు' అదే మొదటిసారి. మొహం మీద ఉమ్మినా అంత బాధపడేవాడు కాడు కపెంబ్వా.

పని మొదలుకాకముందే గిందో వకీలు లేచి, అంటించిన కవరొకటి న్యాయమూర్తి బల్లమీద పెట్టింది.

"మా సాక్షి ఈ గదిలో ఇవాళ జరగబోయేదొకటి ముందుగా రాసిచ్చారు. ఆయన ఎవరితోనూ మాట్లాడరు, ఎవరికీ సైగ చేయరు. అందులో ఏముందో నాకూ తెలియదు."

క్రాస్లీ లేచాడు. "ఇది న్యాయవిచారణా, గారడీ ప్రదర్శనా?"

"గారడీ అయితే ముందు చెప్పరు," అంది విదర్‌బీ. కవరు మీద తేదీ, సమయం రాసి సంతకం చేసింది. "తెరుస్తానని మాట ఇవ్వను. ఇక్కడ ఉంటుంది."

జేరె కుర్చీలో కూర్చున్నాడు. అడిగినంతవరకే జవాబు చెప్పాలని బాగా నూరిపోశారని అతని పెదాల బిగింపులోనే తెలుస్తోంది. సంతకం కపెంబ్వాదేనా? అవును. ఉత్తరం తనకు అందిందా? అందింది. ఆఫీసు ముద్రేనా? ఆఫీసు ముద్రే. అన్నీ నిజాలే, ఒక్క అబద్ధం లేదు.

గిందో వకీలు వంతు వచ్చింది. "జేరె గారూ, ఈ ఉత్తరం చింబుయా హాస్యం కాదా?"

"ఉత్తరం రాసేటప్పుడు కపెంబ్వా గారి మనసులో ఏముందో నేనెలా చెప్పగలను?"

"చదివినప్పుడు మీరు నవ్వారా?"

జేరె క్రాస్లీ వైపు చూశాడు. "ఏడేళ్ళయింది."

"జతచేసిన మొదటి వాయిదా ఏమిటి?"

ఈసారి జేరె ఎవరివైపూ చూడలేదు. నేలవైపు చూశాడు. "గుర్తులేదు."

కపెంబ్వా తన కుర్చీలో వెనక్కి వాలాడు. ఇది అబద్ధం. ఆ వాయిదాని జేరె మరిచిపోవడం అసంభవం. ఆ తరవాత మూడేళ్ళపాటు ఫోను చేసినప్పుడల్లా దాని ప్రసక్తి తెచ్చాడు.

పదకొండున్నరకు టీ వచ్చింది. జేరెను క్రాస్లీ గది ఆ మూలకు తీసుకుపోయి తన వీపుతో అడ్డంగా నిలబడ్డాడు. కపెంబ్వా గోడగడియారం వైపు చూసి, జేబులోంచి చిన్న పెన్సిలు తీసి, అరచేతిలో ఏదో రాసుకున్నాడు.

"ఏమిటది?" అంది గిందో వకీలు గుసగుసగా.

"నా జోస్యం తప్పిపోయింది."

"ఇప్పుడా చెప్పేది!"

"తప్పినప్పుడు కాక ఎప్పుడు చెప్పను?"

టీ అయ్యాక కపెంబ్వాను పిలిచారు. ఉత్తరం రాసింది తానేనని, జతచేసింది ఒక ఎండు ఎలుక అని, పొలాల్లో దొరికేవి ఎలుకలేనని, ఇదంతా తన బావతో వేళాకోళమని ఆయన నిదానంగా, పాఠం చెప్పినట్టు చెప్పాడు. కుదురైన చేతిరాతతో రాసుకుంటున్న విదర్‌బీ ఎలుక దగ్గర ఒకసారి ఆగి, మాట మళ్ళీ చెప్పించుకుని, రాసుకుంది.

క్రాస్లీ వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. ఉక్కకు అతని మెడ ఎర్రబడింది.

"ఎలుక. సరే. ఆ ఎలుకను మీరు తప్ప చూసినవారెవరైనా ఉన్నారా?"

"ఒకరున్నారు."

"ఆయనకు గుర్తులేదన్నారు. మీరు చెప్పే బావ ఇక్కడే పొద్దుటినుంచి కూర్చుని ఉన్నాడు. మిమ్మల్ని ఒక్క మాట తూలాడా? బానిస అన్నాడా?"

"లేదు. గారు అన్నాడు."

"మర్యాదస్థుడు కనక."

"అదే నా బాధ."

కుర్రగుమాస్తాలెవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వు క్రాస్లీకి నచ్చలేదు. గొంతు పెంచాడు.

"కపెంబ్వా గారూ, మీరు ఆనాడు సంతకం పెట్టి అబద్ధం రాశారు, లేదా ఈనాడు ప్రమాణం చేసి అబద్ధం చెబుతున్నారు. ఎటుచూసినా మీరు అబద్ధాలకోరు. దేశం ముద్రను ఆటవస్తువు చేసుకున్న మనిషికి విలువేముంది? సిగ్గేముంది? మీ మాట ఈ ప్రపంచంలో ఎవరికి కావాలి?"

ఆ ప్రశ్న కపెంబ్వా నాలుగు రోజులుగా తనకు తాను వేసుకుంటున్నదే. కళ్ళజోడు తీసి తుడుచుకోసాగాడు.

వెనక కుర్చీ ఒకటి దడాలున పడింది.

"ఆగవయ్యా!"

జేరె నిలబడి ఉన్నాడు. కోటు గుండీ ఒకటి ఊడి, దొర్లుకుంటూ బల్లకింద చేరింది.

"ఆ మనిషిని తిట్టడానికి నువ్వెవరు?"

"జేరె గారూ, కూర్చోండి," అన్నాడు క్రాస్లీ.

"కూర్చోను! ఆ ముసలి కోతిని నలభై ఏళ్ళనుంచి నేను తిడుతున్నాను. వాడి తాతని మా తాత యుద్ధంలో తాడేసి కట్టి తెచ్చాడు. వాడు నా బానిస. నా సొత్తు! నా సొత్తుని తిట్టాలంటే ముందు నా దగ్గర అనుమతి తీసుకోవాలి. నిన్న విమానం దిగినవాడివి, వాడికి సిగ్గులేదని చెప్పడానికి నీకేం అర్హత ఉంది? వాడికి సిగ్గులేదని నాకు తెలుసు. నేను చెబుతాను!"

కపెంబ్వా కళ్ళజోడు పెట్టుకున్నాడు. న్యాయమూర్తి ఎదుట ఉన్నానన్న సంగతి ఆయన నాలుకకు గుర్తులేదు.

"ఎవడురా ఎవణ్ణి కట్టి తెచ్చింది? మావాళ్ళు తరిమితే చిపాటా దాకా వెనక్కి తిరిగి చూడకుండా పరిగెత్తిన కాళ్ళు మీవి. దారిలో ఆకలేసి ఎలుకని కనిపెట్టారు. మీ జాతి చేసిన పరిశోధన అదొక్కటే!"

"ఎలుక మాట ఎత్తకు బావా! ఎత్తావంటే ఆ వాయిదా సంగతి బయటపెడతాను. పెద్ద దాతలాగ ఉత్తరం రాశాడమ్మా జడ్జిగారూ! 'మాకున్నదంతా తమదే'నట! కవరు విప్పితే ఏముంది? ఇంత! నా బొటనవేలంత!"

తానేమన్నదీ జేరెకు అందరికంటె చివర తెలిసింది. క్రాస్లీ కళ్ళు మూసుకున్నాడు.

విదర్‌బీ కలం కింద పెట్టింది. "జేరె గారూ, ఇందాక మీకు గుర్తులేదన్నారు."

జేరె పడిపోయిన కుర్చీని లేవనెత్తాడు. దానిలో కూర్చోకుండా వీపు పట్టుకుని నిలబడ్డాడు. ఒకసారి కపెంబ్వా వైపు చూశాడు.

"తప్పు చెప్పానమ్మా. గుర్తుంది. ఎండు ఎలుక. ఒక్కటంటే ఒక్కటే. నాలుగు మిలియన్ డాలర్ల అప్పుకి ఆ మనిషి పంపింది అది. గుండుసూదితో ఉత్తరానికి గుచ్చి పంపాడు. కాగితం పైమూల చిల్లు ఉంటుంది, చూసుకోండి."

అసలు ఉత్తరం తెప్పించి విదర్‌బీ వెలుతురుకు ఎత్తి పట్టింది. పైమూల చిల్లుంది. చుట్టూ ఒక పసుపుపచ్చని నూనెమరక.

"ఈ మరకను మా నిపుణులు కాలదోషమన్నారు," అని గొణిగాడు క్రాస్లీ.

"ఆ ఎలుక ఇప్పుడెక్కడుంది?" అంది విదర్‌బీ.

"తినేశానమ్మా."

"మీరు తిన్నారు."

"పాడైపోతుంది కదా."

గిందో వకీలు లేచింది. గొంతు స్థిరంగా ఉంచడానికి ఆవిడ పడుతున్న అవస్థ కపెంబ్వాకు కనిపించింది. "రసీదేమైనా ఇచ్చారా?"

"ఫోనులో ఇచ్చాను. ఉప్పు తక్కువైందని చెప్పాను."

విదర్‌బీ క్రాస్లీ వైపు తిరిగింది. "జతచేసినది పాక్షిక చెల్లింపని మీ వాదన. పేజీ నలభై ఒకటి. ఆ వాదన కొనసాగిస్తారా? కొనసాగిస్తే, చెల్లించిన తేదీన ఆ ఎలుక మారకపు విలువ ఎంతో నేను నిర్ణయించవలసి వస్తుంది."

క్రాస్లీ నోరు తెరిచాడు. బహుశా ఒక క్షణం అతను నిజంగానే లెక్క వేసుకుని ఉంటాడు. "మా కక్షిదారులను సంప్రదించడానికి కొంత వ్యవధి కావాలి," అన్నాడు.

అప్పుడు విదర్‌బీ కవరు తీసుకుని చించింది. పైకి చదివింది. "టీ వేళకు ముందు, ఎవరూ అడగకుండానే, లెవిసన్ జేరె నేను తన బానిసనని ఈ గదిలో అందరి ఎదుటా ప్రకటిస్తాడు. నేను నొచ్చుకోను."

గిందో వకీలు మొహం విచ్చుకుంది. కపెంబ్వా చెయ్యెత్తాడు.

"అమ్మా, ఒక సవరణ. టీ అయిపోయి గంటన్నర అయింది. ఆ భాగం తప్పు. అది కూడా రాయించండి. పైగా, క్రాస్లీ గారు నన్ను తిడితే వీడు లేస్తాడని నేను ఊహించలేదు. ఫలితం వచ్చిందిగాని నేననుకున్న దారిన రాలేదు. ఒక్కసారి నిజమైనంతమాత్రాన ఏదీ రుజువైపోదు."

బల్లకింద గిందో వకీలు బూటు ఆయన కాలిని గట్టిగా తాకింది.

"చూశారామ్మా?" అన్నాడు జేరె, అందరికీ వినపడేలా. "గెలిపించినా మోయలేడు. అందుకే బానిస అయ్యాడు."

విదర్‌బీ ఏదో రాసుకుంటూ తల వంచుకుంది. తల చాలాసేపు వంచుకునే ఉంది.

*

తీర్పు ఆరు వారాలకు వచ్చింది. ఆ ఉత్తరం అప్పును ఒప్పుకున్నట్టూ కాదు, తీర్చినట్టూ కాదు, బాకీ మురిగిపోయింది. గిందో వకీలు ఆబిజాన్‌నుంచి ఫోను చేసి, తమ సంస్థ వకీళ్ళకు ఇచ్చే శిక్షణలో ఇకమీదట చింబుయా కూడా ఒక పాఠమని చెప్పింది. విమానాశ్రయంలోని బోజో అధికారిని పాఠం చెప్పడానికి పిలవాలనుకుంటున్నదట. "చేపలకంపుకి కిటికీలు తెరిచి ఉంచాలి, అంతే."

తొలి వానలు పడ్డ మర్నాడు జేరె పాత చొక్కాతో, చేతిలో కర్రతో, గేటు తట్టకుండా లోపలికి వచ్చాడు.

"వదినా! కోతికి అరటిపండు పెట్టావా?"

"పెట్టాను. తొక్క మీకోసం దాచాను," అంది ఎస్నార్ట్ వంటింట్లోంచి.

జేరె మామిడిచెట్టు కింద బకెట్టు మీద కూర్చున్నాడు. కంపెనీ రుసుము ఇవ్వలేదు. మొదట చెప్పిన అబద్ధానికి విదర్‌బీ చివాట్లు పెట్టి వదిలేసింది. బోరు లేదు.

"నాలుగు నెలలు ఫోను చెయ్యలేదేంరా?" అన్నాడు కపెంబ్వా.

"చేస్తే తిట్టాలి. తిడితే రుసుము పోతుంది." కర్రతో నేలమీద ఒక గీత గీశాడు. "నీళ్ళు కావాలి బావా. ఆ పొలంలో మొక్కజొన్న రెండేళ్ళుగా ఎండిపోతోంది. వాళ్ళు సంతకం నిజమా అని అడుగుతామన్నారు. నిజమే కదా, నిజం చెప్పి డబ్బు తీసుకోవడంలో తప్పేముందనుకున్నాను. వాయిదా సంగతి అడుగుతారనుకోలేదు."

"గారు అన్నావు."

"వాళ్ళు నేర్పారు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు."

కపెంబ్వా లోపలికి వెళ్ళి, పింఛను డబ్బులోంచి కొంత కవరులో పెట్టి తెచ్చాడు. జేరె కవరు విప్పి చూసి, వెనక్కి ఇచ్చేశాడు.

"బానిస దగ్గర అప్పు తీసుకున్నానని రేపు మీవాళ్ళు లండన్‌లో దావా వేస్తారు. నాకు కావలసింది నేనే తీసుకుంటాను."

లేచి పెరట్లోకి నడిచాడు. వర్షమాపకాన్ని కర్రమీంచి ఊడదీసి, అందులోని నీళ్ళు ఒలకబోసి, చంకలో పెట్టుకున్నాడు.

"ఒరేయ్! అది పదకొండేళ్ళ లెక్క!"

"నా పొలంలో వాన ఎంత పడుతుందో తెలిస్తేనేగా బోరు కావాలో చెరువు తవ్వుకోవాలో తేలేది. నీకిది జూదం, నాకిది వ్యవసాయం. లెక్క ప్రతి ఆదివారం ఫోనులో చెబుతాను, రాసుకో." గేటు దగ్గర ఆగి వెనక్కి తిరిగాడు. "కోపమొచ్చిందా?"

"రాలేదు," అన్నాడు కపెంబ్వా. వచ్చింది, కొంచెం.

ఆ సాయంత్రం ఆయన నోటుబుక్కు తెరిచాడు. పొద్దున రాసుకున్న జోస్యం: 'వాన పడుతుంది.' పడింది. ఎంతో తెలియదు. ఎర్రసిరా తీసుకుని, అలవాటైన గుండ్రటి అక్షరాలతో రాశాడు: 'మాపకం లేదు. నా యజమాని ఎత్తుకుపోయాడు.' చదివి చూసుకుని, ఈ పుస్తకం కూడా ఏనాటికైనా ఎవరైనా వకీలు చేతిలో పడవచ్చునన్న ఆలోచన వచ్చి, కింద మరొక వాక్యం చేర్చాడు: 'పైది హాస్యం.'